పగలని బుడగ

ఆ వీధిలో నిద్రమాత్ర అంటే మందుల షాపులో దొరికేది కాదు. సెలూన్‌లో కిటికీ పక్క కుర్చీ దగ్గర నిలబడి గడ్డాలు గీసే మనిషి. అతని కత్తి కింద కూర్చున్నవాడు రెండో చెంప దాకా మెలకువగా ఉంటే గొప్పే. గొంతు మీద పదునైన కత్తి ఆడుతుంటే ఎవడికైనా కన్ను మూతపడుతుందా, చెప్పండి! అక్కడ పడేది. ఇంట్లో రాత్రంతా దొర్లి దొర్లి విసిగిపోయినవాళ్ళు పొద్దున్నే వచ్చి, తల వెనక్కి వాల్చి, అతను నురగ పట్టించగానే గురక మొదలుపెట్టేవాళ్ళు. గీయడం అయిపోయినా అతను లేపేవాడు కాదు. మెడ చుట్టూ తువ్వాలు సర్ది, తర్వాతి మనిషిని పక్క కుర్చీలోకి రమ్మనేవాడు.

"గడ్డానికేనా డబ్బులు తీసుకునేది, పడకకి కూడా తీసుకుంటావా?" అని వేళాకోళం చేసేవాళ్ళు.

"పడక ఉచితం. గురకకే వేరే లెక్క" అనేవాడు.

అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. కట్టుకున్న భార్యే దాన్ని వాడటం మానేశాక ఇక మనకెందుకు?

ఆ చేతి ఒడుపు పుట్టుకతో వచ్చింది మాత్రం కాదు. అతను కుర్రాడుగా ఆ షాపులో చేరినప్పుడు దాని యజమాని ఒక పెద్దాయన. ఆ తర్వాత అతనికే మామగారయ్యాడు. మహా ముక్కోపి. పని నేర్చుకోవడానికి వచ్చినవాడిని మనిషి చెంప ముట్టుకోనిచ్చేవాడు కాదు. ముందు బుడగ. రబ్బరు బుడగని గట్టిగా ఊది, మూతి ముడేసి, దానికి నురగ పూసి, ఆ నురగని కత్తితో గీకాలి. బుడగ పగలకూడదు. పగిలిందా, మొహం నిండా నురగ, నెత్తిమీద పెద్దాయన మొట్టికాయ. బుడగ గట్టిగా ఉందో లేదో చూడటానికి ఆయన దాన్ని గోటితో మీటేవాడు. టంగుమనాలి. బొద్దుమంటే అవతల పారేసేవాడు. మెత్తటి బుడగ మీద గాడిదైనా గడ్డం గీస్తుందని తిట్టేవాడు.

ఆ బుడగలు ఊదే పని ఆయన కూతురిది. ఆ పిల్లకి దేవుడు ఊపిరితిత్తులు పెట్టబోయి కొలిమి తిత్తులు పెట్టాడని అందరూ అనేవాళ్ళు. మూతి దగ్గర పెట్టుకుందంటే మళ్ళీ తీయడం లేదు, ఒక్క బిగిన ఊదేది. బుడగ అద్దంలా మెరిసేది. కత్తి దాకా ఎందుకు, కాస్త గట్టిగా చూస్తేనే పేలిపోయేలా ఉండేది.

"నువ్వు ఊదితే అది బుడగ కాదే తల్లీ, బాంబు" అని అతను మొర పెట్టుకునేవాడు.

"చేతకానివాడికి బుడగైనా బాంబే" అని ఆ పిల్ల ఇంకొకటి తీసేది.

రోజూ పేలేవి. రోజూ తిట్లు. పెద్దాయన తిట్టి తిట్టి చివర్లో ఎప్పుడూ ఒకే మాట అనేవాడు: "రోజూ చెయ్యి. చచ్చినట్టు వస్తుంది." నిజంగానే వచ్చింది. ఒక పొద్దున ఆ పిల్ల ఊదిన బుడగ అతని కత్తి కింద చెక్కుచెదరకుండా నిలిచింది. మర్నాడూ నిలిచింది. ఆ పిల్ల అతన్ని చూసే చూపు మారింది. పెద్దాయన అది గమనించి కొన్నాళ్ళు మండిపడి, ఆ తర్వాత తనే ముహూర్తం పెట్టించాడు. పిల్లలు కలగలేదు. అది వాళ్ళిద్దరి మధ్యా ఉన్న బాధ, దాన్ని వీధిలోకి తేలేదు. పెద్దాయన పోయాక షాపు కొడుకు చేతికొచ్చింది. ఆ బావమరిదికి కత్తి పట్టడం నేర్పింది నిద్రమాత్రే, అవే బుడగలతో, అదే మాటతో.

అంత చెయ్యి ఒక్క పొద్దుటితో పోయింది. షాపు తెరిచి, తోలు పట్టీ మీద కత్తి నూరుతుంటే అది జారి కింద పడింది. వంగి తీద్దామనుకున్నాడు. చెయ్యి అతని మాట వినలేదు. రెండోసారి అనుకునేలోపే తనూ కత్తి పక్కనే పడ్డాడు. పక్షవాతం, కుడివైపంతా.

ఆసుపత్రి నుంచి వచ్చేసరికి కాలు కొంచెం దారికొచ్చింది, ఈడ్చుకుంటూ నడిచేవాడు. మూతి ఒక పక్కకి జారిపోయింది, నీళ్ళు తాగితే ఆ మూల నుంచి కారేవి. చెయ్యి పైకి లేచేది, పట్టుకోమంటే పట్టుకునేది, కానీ వణికేది. వేళ్ళకి స్పర్శ లేదు. మరిగే టీ గ్లాసు పట్టుకుని నిలబడితే, వేళ్ళు ఎర్రబడ్డాయని భార్య అరిచేదాకా అతనికి తెలియలేదు.

ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే అమ్మాయి ఒకతి ఉండేది. "మీ మంచి చెయ్యి జేబులో పెట్టుకోండి. అది సాయానికొస్తే ఇది బద్ధకిస్తుంది. మీకు అలవాటైన పనే ఈ చేత్తో చేయించండి, రోజూ, మానకుండా" అంది. అతను ఇంటికి మొహం వెలిగిపోతూ వచ్చాడు.

"చూశావా, మీ నాన్న చెప్పిందే ఆ పిల్లా చెప్పింది! రోజూ చెయ్యి, చచ్చినట్టు వస్తుంది. ఊదు బుడగ."

బావమరిది చెడ్డవాడు కాదు. మెట్లెక్కి ఇంటికొచ్చి, చేతులు నలుపుకుంటూ కూర్చుని చెప్పాడు. "నీ కుర్చీ నీదే బావా. కానీ ఎన్నాళ్ళని ఖాళీగా ఉంచను? అడిగేవాళ్ళున్నారు. వానలు మొదలయ్యేదాకా ఎవరికీ ఇవ్వను, నాదీ పూచీ. ఈలోగా అక్క ఊదిన బుడగ నీ చేతిలో నిలిస్తే చాలు, వచ్చెయ్. నాన్న పెట్టిన రూలు అదొక్కటే కదా."

"సైకిల్ పంపు తెచ్చివ్వనా అక్కా, ఊదే బాధ తప్పుతుంది" అని కూడా అన్నాడు పాపం.

"ఏం, నా ఊపిరికేం తెగులు?" అని ఆమె కస్సుమంది. "నాన్న దగ్గర నేనే ఊదాను, ఇప్పుడూ నేనే ఊదుతాను. పంపు తీసుకెళ్ళి నీ సైకిలుకి కొట్టుకో."

ముగ్గురూ నవ్వారు. ఆ గదిలో చాలా రోజుల తర్వాత విన్న నవ్వు అది.

నవ్వు కడుపు నింపదు కదా. ఆమె పరుపుల దుకాణంలో పనికి కుదిరింది. వెనక ఒక గది, దానికి కిటికీ లేదు. యంత్రం దూదిని ఏకి విసురుతుంటే, నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఆ దూదిని పరుపు గలేబుల్లోకి కూరాలి. మూతికి గుడ్డ కట్టుకోమనేవాళ్ళు. కట్టుకుంటే గాలాడదు, విప్పితే దూది ఆడుతుంది. సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల మీద, రెప్పల మీద, చెవుల్లో తెల్లగా దూది.

"ఏమే, ఒక్క పూటలోనే ముసలిదానివైపోయావ్?" అని అతను నవ్వించేవాడు.

"నీకు మాత్రం ఇంకా పదహారే" అని ఆమె దులుపుకునేది.

రోజూ పొద్దున ఆమె పనికి వెళ్ళేముందు ఆ కార్యక్రమం. కిటికీ దగ్గర స్టూలు మీద అతను, ఎదురుగా మంచం అంచున ఆమె, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా. ఆమె ఊది ముడేసేది, బ్రష్షుతో నురగ పట్టించేది, రెండు అరచేతుల మధ్య పట్టుకుని అతని ముందుకు చాపేది. అతను ఎడమచెయ్యి జేబులో కుక్కుకుని, కుడిచేతిలో కత్తి బిగించి, పళ్ళు కరుచుకుని మొదలుపెట్టేవాడు. చెయ్యి దగ్గరికి పోవడానికి వణుకు, పోయాక వణుకు. ఢాం! ఇద్దరి మొహాలూ నురగే. కింది వాటాలో ఉండే ఆవిడ వెంటనే అరిచేది: "తెల్లారిందని మాకు తెలుసు, కోడి కూయక్కర్లేదు!"

మొదట్లో పొద్దునకి మూడు నాలుగు పేలేవి. చలికాలమంతా పేలుతూనే ఉన్నాయి. ఒక రోజు అతను కత్తి విసిరేసి, జారిన మూతి ఇంకా జారిపోయేలా ఏడ్చాడు. మగాడు అలా ఏడవడం ఆమె ఎప్పుడూ చూడలేదు, చూడాలని ఎవరికీ ఉండదు కూడా.

"ఏడుపెందుకయ్యా, బుడగే కదా పోయింది. ఇంకోటి ఊదుతాను" అంది.

"నాకు చేతకాదే ఇక."

"రోజూ చెయ్యి. చచ్చినట్టు..." అని ఆమె మొదలుపెట్టి, దగ్గొచ్చి ఆగిపోయింది. జలుబు చేసిందంది. ఆ చలికాలం అందరికీ జలుబులే.

తర్వాత్తర్వాత పొద్దునకి ఒక్క బుడగతోనే సరిపెట్టేది. "ఆలస్యమైతే జీతం కోస్తాడు, ఇవాళ్టికి చాలు" అనేది. అతనూ సరేననేవాడు.

ఎండలు ముదిరి, బళ్ళకి సెలవులిచ్చిన రోజు అది. వీధిలో పిల్లల గోల. ఆమె ఎప్పట్లానే ఊదింది, నురగ పట్టించింది, చాపింది. అతను గీకడం మొదలుపెట్టాడు. కత్తి వణుకుతూ వణుకుతూ ఒక చారిక తీసింది. ఇంకొకటి. చెయ్యి ఒక చోట తడబడి అడ్డంగా గుచ్చుకున్నంత పనైంది. అయిపోయింది అనుకుని కళ్ళు మూసుకున్నాడు. చప్పుడు రాలేదు. కళ్ళు తెరిచి చివరిదాకా గీకాడు. నురగంతా పోయి నున్నటి ఎర్ర బుడగ ఆమె చేతుల్లో అలాగే ఉంది.

"నిలిచిందే!" అని ఒక్క కేక పెట్టాడు. "నిలిచింది! చూడవే! నిలిచింది!"

కింది వాటావిడ పరుగెత్తుకుంటూ పైకొచ్చింది. "ఏమైంది, ఇవాళ చప్పుడు లేదు, ఇద్దరూ బాగానే ఉన్నారా?" అంది. అతను ఆవిడకి బుడగని చూపించాడు, బిడ్డని చూపించినట్టు. కుంటుకుంటూ మెట్లు దిగి, మూల దుకాణంలో మిఠాయి కొని, ఆవిడకీ, ఎదురింటివాళ్ళకీ, సెలవులకి గోల చేస్తున్న పిల్లలకీ పంచాడు. తిరిగొచ్చేసరికి ఆమె మంచం మీద అలాగే కూర్చుని ఉంది, గుండెల మీద చెయ్యి పెట్టుకుని, నవ్వుతూ. పనికి వెళ్ళలేదు. ఆనందం పట్టలేక కాళ్ళు ఆడలేదేమోననుకున్నాడు. పిచ్చి మారాజు!

ఆ తర్వాత బుడగలు పగలడం తగ్గిపోయింది. వారానికి ఒకటి పగిలితే ఎక్కువ. అతని నడకే మారిపోయింది. వీధిలో కనపడ్డవాళ్ళందర్నీ ఆపి చెప్పేవాడు. రోగం వచ్చిన ప్రతివాడికీ సలహా ఇచ్చేవాడు. మోకాళ్ళ నొప్పులవాడికీ అదే, అజీర్తివాడికీ అదే: రోజూ చెయ్యి, చచ్చినట్టు వస్తుంది. జనం అతన్ని తప్పించుకోవడానికి పక్క సందులోంచి పోవడం మొదలుపెట్టారు.

ఒక్క భార్యే అతనితో కలిసి సంబరపడటం లేదు. వాగుడుకాయ లాంటి మనిషి, మాటలు పొదుపు చేస్తోంది. ఒకప్పుడు వీధి మొగలోంచి పిలిస్తే పై అంతస్తులో వినపడేది. ఇప్పుడు మెట్ల మలుపులో కూర్చుని ఉంటోంది, ఎవరైనా వస్తే చెప్పు సర్దుకుంటున్నట్టు వంగుతోంది. అలిగిందేమోననుకున్నాడు. ఎందుకు అలిగిందో తెలియక తనూ అలిగాడు.

"ఈ బుడగలేంటే, చిన్నవిగా వస్తున్నాయి?" అని ఒకసారి అడిగాడు.

"కొత్త సరుకు. దుకాణంవాడు కంపెనీ మార్చాడు."

"అన్నిట్లోనూ మోసమే" అని గీకడంలో పడ్డాడు. ఎడమచెయ్యి జేబులోనే ఉంది. కుడిచేతికి స్పర్శ లేదు. గోటితో మీటి చూడాలని అతనికి తోచలేదు. ఎందుకు తోచాలి? ఊదింది ఎవరు? పెద్దాయన కూతురు! ఆ ఊపిరిని అనుమానించడం అతని బతుకులో లేదు.

మబ్బులు కమ్ముతుండగా బావమరిది వచ్చాడు. "బుడగ నిలుస్తోందటగా బావా?"

"మీ అక్కనే అడుగు."

"నిలుస్తోందా అక్కా?"

"నిలుస్తోంది" అంది ఆమె, గిన్నెలు సర్దుతూ. వెంటనే వెనక్కి తిరిగింది. "ఇంకొన్నాళ్ళు చెయ్యనీరా. వానలు తగ్గాక వస్తాడు."

"అదేంటే!" అతనికి ఒళ్ళు మండింది. "నేను బాగుపడటం నీకిష్టం లేదా?"

ఆమె అతని మొహంలోకి చూసింది. ఏదో చెప్పబోయి, "నీ ఇష్టమయ్యా" అంది.

"నేను పరీక్ష పెట్టేదేముంది" అన్నాడు బావమరిది. "అక్క ఊదింది నిలిచిందంటే ఇంకెవడి బుడగైనా నిలుస్తుంది. సోమవారం వచ్చెయ్ బావా."

సోమవారం అతను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. ఆమె పనికి వెళ్తూ గుమ్మం దగ్గర అతని కాలరు సర్దింది, చాలాసేపు సర్దింది. కిటికీ పక్క కుర్చీని బావమరిది తుడిచి ఉంచాడు. మొదటి గడ్డం నాదేనని రిటైరైన పోస్టుమాస్టరు గారు పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. ఆ కుర్చీలో ఆయన నిద్రపోయినన్ని పూటలు ఇంకెవరూ నిద్రపోలేదు.

"నువ్వు పడ్డప్పట్నుంచీ నాకు సరైన నిద్ర లేదోయ్. కానియ్" అన్నారు.

నురగ పట్టించాడు. ఇప్పుడు రెండు చేతులూ కావాలి, ఎడమచేత్తో చెంప లాగి పట్టుకుని కుడిచేత్తో కత్తి ఆనించాడు. మొదటి చారిక బాగానే వచ్చింది. షాపులో అందరూ మెడలు చాచి చూస్తున్నారు. రెండో చారిక దగ్గర అతను అద్దంలోకి చూశాడు. పోస్టుమాస్టరు గారి కళ్ళు తెరిచే ఉన్నాయి. ఇంతలేసి కళ్ళు. కుర్చీ చేతుల్ని ఆయన వేళ్ళు తెల్లబడేలా పట్టుకుని ఉన్నారు. అంత భయపడుతూ కూడా మొహాన చిరునవ్వు నిలబెట్టుకున్నారు పెద్దమనిషి.

అది చూశాక చెయ్యి పూర్తిగా అతనిది కాకుండా పోయింది. దవడ కింద కత్తి దిగింది.

నురగ ఎర్రబడింది. బావమరిది ఒక్క అంగలో వచ్చి కత్తి లాక్కుని తువ్వాలు అదిమిపట్టాడు. లోతుగానే తెగింది, కుట్లు పడేంత. "ఏం కాలేదు, ఏం కాలేదోయ్, నేనే కదిలాను" అంటున్నారు పోస్టుమాస్టరు గారు, చొక్కా తడుస్తుంటే. ఆయన నాలుగు తిట్టినా బాగుండేది.

ఆయన్ని ఆటోలో ఎక్కించి వచ్చి, బావమరిది షట్టరు సగం దించాడు. సొరుగులోంచి బుడగ తీసి తనే ఊదాడు. ముడేశాడు, గోటితో మీటాడు. టంగుమంది. నురగ పూసి పట్టుకున్నాడు.

"గియ్యి బావా."

కత్తి ఆనీ ఆనగానే ఢామ్మని పేలింది. ఇంకొకటి ఊదాడు. అదీ అంతే.

"ఇంట్లో నువ్వు వేటి మీద చేశావ్?"

"మీ అక్క ఊదినవాటి మీదే."

బావమరిది వంగి నేల మీది రబ్బరు ముక్కలు ఏరాడు. "అక్క ఊదితే నేను ఊదినదానికంటే గట్టిగా ఉండాలి" అన్నాడు. "కావాలనే మెత్తగా ఊదింది బావా. నీ మీద జాలేసి ఉంటుంది. ఏమనకు దాన్ని." షట్టరు వైపు తిరిగి అన్నాడు. "కుర్చీ మాత్రం... వేరేవాడికి చెప్పేస్తాను. నన్ను తిట్టుకోకు."

అతను తిట్టుకోలేదు. వానలో తడుస్తూ ఇంటికొచ్చాడు. సాయంత్రం దాకా స్టూలు మీద కూర్చుని, తలుపు వంక చూస్తూ కోపాన్ని మరగబెట్టుకున్నాడు. పగలని బుడగలన్నీ గుర్తుకొస్తున్నాయి. పంచిన మిఠాయి, ఆపి ఆపి అందరికీ చెప్పిన గొప్పలు. వీధంతా నవ్వుకుని ఉంటుంది. అందరికంటే ముందు ఇంట్లోనే నవ్వుకుని ఉంటుంది!

ఆమె మెట్లెక్కి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. జుట్టు నిండా దూది. దారిలో ఎవరో చెప్పినట్టున్నారు.

"పోస్టుమాస్టరు గారికి... ఎలా ఉంది?"

"ఆయన సంగతి తర్వాత. కావాలనే మెత్తగా ఊదావా?"

ఆమె లోపలికొచ్చి మంచం మీద కూర్చుంది. "అవును" అంది. "కావాలనే."

"ఎందుకు?"

"నువ్వు ఏడుస్తుంటే చూడలేక."

"నన్ను పసివాణ్ణి చేసి ఆడించావన్నమాట!" అతని జారిన మూతి మాటల్ని ముద్ద చేసేస్తోంది, అయినా ఆగలేదు. "ఒక మనిషి గొంతు తెగేది ఇవాళ. తెలుసా? మీ నాన్న బతికుంటే నీ చెంప వాయించేవాడు. ఆయన కడుపున ఎలా పుట్టావే నువ్వు?"

"పుట్టాను, ఏం చెయ్యను. తిట్టు. తిట్టి ఇక ఊరుకో."

ఆ ఊరుకోమనడం అతనికి ఇంకా మంట పెట్టింది. ప్యాకెట్‌లోంచి బుడగ తీసి ఆమె ఒళ్ళోకి విసిరాడు.

"ఊదు."

"ఇప్పుడొద్దయ్యా. అన్నం తిన్నాక."

"ఇప్పుడే. మీ నాన్న ముందు ఎలా ఊదేదానివో అలా ఊదు. నేనూ చూస్తాను."

"చెప్పాను కదా, తప్పు నాదేనని."

"ఊదవే!"

ఆమె బుడగని మూతి దగ్గర పెట్టుకుంది. ఊదింది. రబ్బరు కొంచెం కదిలింది, అంతే. మూతిని వేళ్ళతో నొక్కి పట్టుకుని గోడకి ఆనుకుంది. మళ్ళీ ఊదింది. మెడలో నరాలు తాళ్ళలా లేచాయి, గొంతు కింద రెండు పక్కలా గుంటలు పడ్డాయి. మళ్ళీ ఆగింది. లోపల్నించి సన్నగా ఈలలాంటి చప్పుడొస్తోంది. అతనికి ఆ చప్పుడు కొత్త కాదు, రాత్రిళ్ళు విని కిటికీ రెక్క అనుకున్నాడు. మూడోసారి ఊదింది. పెదవుల రంగు మారింది. బుడగ చిన్న జామకాయంత అయి, అక్కడ ఆగిపోయింది.

ఆ సైజు అతనికి బాగా తెలుసు. ఎండాకాలమంతా రోజూ పొద్దున అతను దాన్నే గీకాడు.

"అంతే" అంది ఆమె, ఒక్కొక్క మాటకి ఒక్కొక్క ఊపిరి పీల్చుకుంటూ. "ఇక... రాదు."

అతను జేబులోంచి ఎడమచెయ్యి తీశాడు. గోటితో బుడగని మీటాడు. బొద్దుమంది.

కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. దాని చోట్లోకి వచ్చిందాన్ని భరించడానికి అతనికి బలం చాలలేదు. స్టూలు మీంచి నేల మీదికి జారి, ఆమె మోకాళ్ళ మీద తల పెట్టాడు.

"మరి కావాలనే అన్నావేమే?"

"అలా అంటే... కోప్పడి ఊరుకుంటావనుకున్నా." ఆమె అతని తడిసిన జుట్టులో వేళ్ళు పెట్టింది. "మొదట్లో నేనూ నీ చెయ్యి బాగుపడిందనే అనుకున్నానయ్యా. నిజం. తర్వాత అర్థమైంది. అప్పటికే నువ్వు అందరికీ చెప్పేశావు."

మర్నాడు ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరు ఆమె వీపు మీద గొట్టం పెట్టి విని, ఫొటో తీయించి, దాన్ని వెలుతురుకి పట్టుకుని చూశాడు.

"దూది దుమ్ము. ఒక్కసారిగా వచ్చింది కాదిది. రోజూ కొంచెం కొంచెం లోపలికి వెళ్ళింది" అన్నాడు.

"రోజూ మందు వేస్తే వస్తుందా డాక్టరుగారూ, పోయిన ఊపిరి?" అని అడిగాడు నిద్రమాత్ర.

"పోయింది రాదు. ఉన్నది కాపాడుకోవాలి. ముందు ఆ పని మానిపించండి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ పని మానితే ఏమిటన్నది డాక్టరు చెప్పే విషయం కాదు. కిటికీ పక్క కుర్చీ దగ్గర ఆ పొద్దునే ఎవరో కొత్తవాడు నిలబడి ఉంటాడు.

డాక్టరు కాగితం ముందుకు లాక్కున్నాడు. "ఆయాసం ఎప్పట్నుంచి?"

"ఈమధ్యే అండీ" అంది ఆమె. "సరిగ్గా గుర్తులేదు."

"నాకు గుర్తుంది" అన్నాడు అతను. వణికే కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాడు. "బళ్ళకి సెలవులిచ్చిన రోజు. పొద్దున్నే. ఆ రోజు నేను వీధంతా మిఠాయి పంచాను."